వాస్తు కోసం జరిపిన టాయిలెట్, కోత పడిన జాయిస్టు

అమెరికాలో కొత్త ఇల్లు కట్టించుకునే మనవాళ్ళు గుమ్మం ఏ దిక్కున ఉండాలో నెలల తరబడి చర్చిస్తారు. ఈశాన్యంలో టాయిలెట్ వచ్చిందని ప్లాన్ మార్పిస్తారు. నేను తప్పు పట్టను. కానీ జాయిస్టుల (ఫ్లోర్‌ని మోసే దూలాల) లేఅవుట్ గీసేశాక ఆ మార్పు అడిగితే, టాయిలెట్ పైపు సరిగ్గా ఓ జాయిస్టు మీదికే రావచ్చు. అప్పుడు ప్లంబర్ రంపం తీస్తాడు.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఫ్లోర్ కింద ఉండేది మామూలు దూలం కాదు, ఐ-జాయిస్టు. పైనా కిందా ఫ్లాంజ్ అనే చెక్క పట్టీలు, మధ్యలో వెబ్ అనే పల్చటి ఓఎస్‌బీ (చెక్క పేళ్ళని జిగురుతో అదిమి చేసే) పలక. బరువు పడితే పై పట్టీ నొక్కుకుపోతుంది, కింది పట్టీ సాగుతుంది. జాయిస్టు వంగకుండా కాసేది ముఖ్యంగా ఆ రెండే. అందుకే ఫ్లాంజ్‌కి చిన్న గాటు కూడా పెట్టకూడదు. మామూలు కలప జాయిస్టుకైతే, నడిమి భాగం వదిలేసి, లోతులో ఆరో వంతు దాకా గాటు పెట్టనిస్తారు. ఆ అలవాటు ఉన్న చెయ్యి ఇక్కడ ఆగాలిగా!

వెబ్‌లో కన్నం వేయొచ్చు. గోడ మీదో బీమ్ మీదో ఆనే చోట షియర్ (జాయిస్టుని అడ్డంగా తెంచాలని చూసే బలం) ఎక్కువ కాబట్టి అక్కడ చిన్న కన్నమే. మధ్యకి వెళ్ళేకొద్దీ పెద్దది పడుతుంది. ఎంత, ఎక్కడ అన్నది తయారీదారు ఇచ్చే హోల్ చార్టులో ఉంటుంది. అది దాటితే ఇంజినీరు లెక్క కట్టి ఒప్పుకోవాలి. అమెరికాలో ఇళ్ళ నిర్మాణానికి వాడే ఐఆర్‌సీ కోడ్‌లో ఆర్502.8.2 సెక్షన్ చెప్పేదీ అదే.

సిటీ ఇన్‌స్పెక్టర్ పాస్ చేశాడుగా అన్న మాట నాకు సరిపోదు. ఆయన ప్రతి కన్నానికీ టేపు పెట్టి కొలుస్తాడని అనుకోలేం. డ్రైవాల్ (గోడలకీ సీలింగ్‌కీ కొట్టే జిప్సం పలకలు) వేసేముందు సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి. ఫ్లాంజ్ తెగితే, “రెండు ప్లైవుడ్ ముక్కలు కొట్టేస్తాం” అన్నందుకు ఊరుకోవద్దు. ఇంజినీరు స్టాంపు ఉన్న రిపేర్ డ్రాయింగ్ అడగండి. అసలు ఫ్రేమింగ్‌కి (ఇంటి చెక్క చట్రం నిలబెట్టడానికి) ముందే చెబితే జాయిస్టుని కొన్ని అంగుళాలు పక్కకి జరిపించడం చాలాసార్లు కుదిరే పని.

ఇంకో చిక్కు మనం తెచ్చుకునేదే. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసి, అమ్మానాన్నలకి ఇండియా నుంచి టికెట్లు కొనేశాక, రిపేర్‌కి రెండు వారాలు పడుతుందంటే టెన్షన్ మనకే. బిల్డర్‌కీ ఆ సంగతి తెలుసు. డ్రైవాల్‌కి ముందు జరిగే ఆ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు వచ్చాకే టికెట్లు కొనడం మంచిది.