దేవిడి గోడ మీది రావిమొక్క గారికి

మహారాజశ్రీ రావిమొక్క గారి దివ్యసముఖమునకు,

మకాం: హైదరాబాదు పాతబస్తీ, ఒకానొక దేవిడి (జాగీర్దార్ల నాటి పెద్ద ఇల్లు), మేడమీద ఆగ్నేయపు మూల, తూము పక్కన.

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టేవాణ్ణే గానీ, నిన్న మధ్యాహ్నమంతా మీ ఎదుటే ఎండలో మాడాం కాబట్టి మా క్షేమసమాచారం మీకు తెలియనిది కాదు. పైనుంచి చూస్తూనే ఉన్నారు. ఆకులు కూడా ఊపారు.

ఈ దేవిడి గోడ కూలగొట్టకుండా కాపాడాలని తిరుగుతున్న వాలంటీర్లం మేం. గోడ చూడ్డానికి అన్ని సెక్షన్లూ కలిసి వస్తాయి, జాయింట్ ఇన్‌స్పెక్షన్ అన్నారు. పదకొండింటికల్లా అందరూ ఉండాలన్నారు. మేం ఉన్నాం. నిచ్చెన ఉంది. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రి, ఈ ఊళ్ళో ఇప్పుడు గాలిస్తే గానీ దొరకనివాడు, ఆ రోజు కూలి వదులుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. దేవిడి పెద్దాయన అంత ఎండలోనూ షేర్వానీ తొడుక్కుని నిలబడ్డారు. సార్లు వచ్చేసరికి సాయంత్రపు అసర్ అజాన్ కూడా అయిపోయింది.

(ఏ ఆఫీసు సార్లో చెప్పను. పేరు రాస్తే ఇంకో నోటీసు వస్తుంది. ఇప్పటికే గోడ మీద అంటించడానికి చోటు లేదు.)

వచ్చినవారు ముగ్గురు, మూడు సెక్షన్లు. ఇంజనీరు సారు తలెత్తి మిమ్మల్ని చూశారు, గోడను చూడలేదు. "మొక్క లేచిందంటే లోపల డ్యామేజి ఉన్నట్టే. డేంజరస్ స్ట్రక్చర్" అని రాసేసుకున్నారు. మేస్త్రి లేచి, "సార్, చిటికెన వేలంత వేరు. మొదట్ల కోసి, మందు పెట్టి, చచ్చినంక సున్నం పోస్త. గోడకేం గాదు" అన్నాడు. వెంటనే పచ్చదనం సెక్షన్ సారు అడ్డం తగిలారు. చెట్టు మీద కత్తి పెడితే వాల్టా చట్టం కింద కేసవుతుందట. దరఖాస్తు పెట్టుకోవాలట. ఆ తర్వాత ఫీల్డ్ వెరిఫికేషన్ ఉంటుందట. "మరి ఇప్పుడు మీరు నిలబడ్డది ఫీల్డ్ కాదా సార్?" అని మాలో ఒకమ్మాయి అడిగింది. ఇది జాయింట్ ఇన్‌స్పెక్షన్ అమ్మా, అది వేరు, అని జవాబు.

అప్పటిదాకా నోరు విప్పని పెద్దాయన మెల్లగా అడిగారు: "గోడ కూలగొట్టుమని నోటీసు ఇస్తరు. మొక్క తీస్తమంటే పర్మిషన్ ఇయ్యరు. గోడ కూలితే మొక్క కూడా పోతది కద సాబ్?"

"అది వేరే ఫైలండీ."

రాత్రంతా ఈ మాటే చెవిలో తిరిగింది. అందుకే ఈ ఉత్తరం.

నన్ను అపార్థం చేసుకోకండి. మీ వంశమంటే మాకు భక్తి. సిద్ధార్థుడు కూర్చున్నది మీ నీడనే. మా ఊళ్ళో రచ్చకట్ట మీద మీ పెద్దల కిందే పంచాయితీలన్నీ తెగేవి. వేపతో మీకు పెళ్ళి చేస్తే మేళం పెట్టించి మరీ వచ్చి పులిహోర తిన్నాం. శనివారం శనివారం ప్రదక్షిణాలు చేసే మా అత్తయ్య ఈ ఉత్తరం చూస్తే నాకు అన్నం పెట్టదు. నేల మీద ఉన్నంతసేపూ మీ అంత పెద్దమనుషులు లేరు. గోడ ఎక్కినప్పుడే మీ వరస మారుతుంది.

మీరు ఎలా పుట్టారో మాకు తెలుసు. ఏ గోరువంకో ఎక్కడో పండు తిని, ఎగురుతూ వచ్చి, మేడ మీద తూము దగ్గర వాలింది. తూమంటే పాత మేడకు ప్రాణం. గచ్చు మీద పడ్డ వాన చుక్క నిలవకుండా జారిపోవాలని వాలు కట్టి, చివర తూములు పెట్టి పోయారు కట్టినవాళ్ళు. తొలకరికి ముందు ఏటేటా ఆ తూముల్లో చెత్త తియ్యడానికి ఒక మనిషి ఉండేవాడు. అతనికి జీతమిచ్చే జాగీరు 1949లో రద్దయింది. వారసులు పెరిగారు, వాటాలు చిన్నవయ్యాయి, తూము ఎవరి వాటాలోకి వస్తుందన్నది సివిల్ కోర్టులో నడుస్తోంది. ఈలోగా ఆకులు నిలిచాయి, ఆకుల కింద తడి నిలిచింది, ఆ తడిలో మీరు కళ్ళు తెరిచారు.

బెల్లం నీళ్ళు, కరక్కాయ పోసి డంగులో నూరిన సున్నం తడి పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. అందుకే అన్ని వానలు తట్టుకుంది. తర్వాత ఎవరో మహానుభావుడు పగుళ్ళకు సిమెంటు మెత్తాడు. తడి లోపలే చిక్కుకుంది. మీకింకేం కావాలి! కమాను వెనక నుంచి, రాతికీ ఇటుకకీ మధ్య, తడి ఎటుంటే అటు వేళ్ళు దించారు. బయటికి కనిపించే కొమ్మను విరిచి చేతులు దులుపుకుంటే మీరు రెండు కొమ్మలై లేస్తారు. లావెక్కాక లాగితే మీతోపాటు గోడే ఊడి వస్తుంది. ఇవన్నీ మేస్త్రికి తెలుసు. చిటికెన వేలంత ఉన్నప్పుడు అరగంట పని అని అతను అందుకే అన్నాడు. అంగవస్త్రమంత నీడ ఇచ్చే వయసు మీకు వచ్చేసరికి అది లక్షల పని. ఇంకో అయిదారు వానాకాలాలు పోతే పనే ఉండదు.

ఇక మీ హోదా సంగతి. నేను మింగలేకపోతున్నది ఇదే.

మీకు 2002 నాటి వాల్టా ఉంది. నీరు, నేల, చెట్టు, మూడింటికీ కలిపి ఒక చట్టం. మంచిదే, ఉండాలి. మరి మీరు కాళ్ళు చాపుకున్న ఇంటికి ఏముంది? ఒకప్పుడు ఉండేది. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో పదమూడోది. దాని కింద 1998లో 137 కట్టడాలకు జాబితా కట్టారు. ఆ జాబితాలో పేరుంటే ఇటుక కదపాలన్నా కమిటీని అడగాల్సిందే. 2015 డిసెంబరులో 183 నంబరు జీవో వచ్చి పదమూడో నిబంధనను ఎత్తేసింది. అదే 2015లో, జులైలో, హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు లక్ష్యం. ఆ ఏడాది ఈ ఊళ్ళో పుట్టాలంటే మొక్కగానే పుట్టాలి, నూరేళ్ళ ఇల్లుగా మిగలకూడదు.

తర్వాత 2017లో వారసత్వ చట్టం వచ్చింది. రక్షణ, పరిరక్షణ, సంరక్షణ, నిర్వహణ, నాలుగూ దాని పేరులోనే ఉన్నాయి. పేరు చదివేసరికే పని అయిపోయినట్టుంటుంది. 2019 జూన్‌లో ఎర్రమంజిల్‌ను కూల్చి అక్కడ అసెంబ్లీ కడతామని మంత్రివర్గం తీర్మానించింది. ఫక్రుల్ ముల్క్ నవాబు కట్టుకున్న నూటయాభై గదుల ఇల్లు అది. సెప్టెంబరులో హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. కోర్టుకు వెళ్ళినవాళ్ళు మాలాంటి మామూలు మనుషులే, సొంత డబ్బులతో జిరాక్సులు తీయించుకున్నవాళ్ళే. సరే, అక్కడ నవాబు పేరుంది, పత్రికలున్నాయి. ఏ జాబితాలోనూ లేని, రెండో వీధి మలుపులో ఉన్న ఈ దేవిడి కోసం ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కుతారు? ఎవరెక్కుతారు?

అలాగని అధికారులంతా ఒకటే అనను. మొజంజాహీ మార్కెట్ బురుజుల నిండా మురికీ ఫ్లెక్సీలూ ఉండేవి. ఒక ఐఏఎస్ అధికారి పట్టుబట్టి కూర్చుంటే 2020 ఆగస్టుకల్లా రాయి రాయిగా తేలింది, ఇప్పుడు అక్కడ ఐస్‌క్రీం తింటూ తలెత్తి చూస్తారు జనం. కోఠీ రెసిడెన్సీ 2002లో ప్రపంచ స్మారకాల ప్రమాద జాబితాకు ఎక్కింది. బాగుపడేసరికి ఇరవై ఏళ్ళు పట్టింది, అయినా బాగుపడింది. అంటే చేతకాకపోవడం కాదు. సర్దార్ మహల్ చూడండి. 1900లో ఆరో నిజాం తన బేగం కోసం కట్టించిన మహల్‌ను పన్ను బాకీ కింద 1965లో మున్సిపాలిటీ తీసుకుంది, అందులోనే ఆఫీసు పెట్టుకుంది. బాకీ వసూలు చెయ్యడంలో ఎంత ముందుచూపు! దివాన్ దేవిడిలోనే సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలై 1968 దాకా నడిచింది. ఇవాళ ఆ పేరడిగితే బట్టల హోల్‌సేల్ దుకాణాలు చూపిస్తారు. ద్వారం ఉంది, దాని వెనక ఇల్లు లేదు.

మా వాళ్ళ గురించీ రెండు మాటలు. ఆదివారం పొద్దున ఆరున్నరకు హెరిటేజ్ వాక్ అంటే ఎనభైమంది వస్తారు. మీ పక్కన నిలబడి ఫొటో దిగి "ప్రకృతి తన చోటు తాను తీసుకుంటోంది" అని పెడతారు, మీకు లైకులు పడతాయి. సోమవారం తూము శుభ్రం చెయ్యాలి, నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరు కావాలంటే గ్రూపులో నీలం టిక్కులే. ఏప్రిల్ 18న వారసత్వ దినమని ఉపన్యాసాలు, శాలువలు. ఆ శాలువలు కుట్టి పరిస్తే పెద్దాయన మేడకు వానాకాలం పరదా అయ్యేది.

పని ఎలా జరుగుతుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ముందు తూము పూడాలి. తర్వాత మీరు రావాలి. మిమ్మల్ని ఎవరూ ముట్టుకోకుండా చట్టం కాపలా కాయాలి. గోడ పగలాలి. అప్పుడు వానాకాలం ముందు శిథిల భవనాల సర్వే వస్తుంది, మున్సిపల్ చట్టం 456వ సెక్షన్ కింద నోటీసు వస్తుంది. నోటీసు వచ్చిన వారానికే ఒక తెల్లకారు వచ్చి గల్లీ చివర ఆగుతుంది. అందులో మనిషికి ఇంటి కొలతలు ఇంట్లోవాళ్ళకంటే బాగా తెలుసు. ఎనిమిది వాటాదార్లలో ఏడుగురి సంతకాలు అతని సంచిలో ఉంటాయి. ఎనిమిదో మనిషి, షేర్వానీ తొడుక్కుని ఎండలో నిలబడే మనిషి, ఎన్నాళ్ళు నిలబడతాడు? వారసత్వ భవనం ఉన్నచోట యజమాని కట్టుకోలేని దానికి బదులు ఇంకోచోట కట్టుకునే హక్కు కాగితం మీద ఇస్తారని, ఆ కాగితం అమ్ముకోవచ్చని మేం చెప్పాం. ఆయన నవ్వి, "కాగితాలు మా తాత దగ్గర కూడా చానా ఉండె" అన్నారు.

ఇక గారూ గీరూ వద్దు.

నువ్వొక మొక్కవి. నీకేం తెలుసు? పడ్డ చోట మొలిచావు, తడి దొరికిన వైపు పాకావు. నీ మీద నాకు కోపం లేదు. నీ పేరు చెప్పి గోడను చంపుతున్నవాళ్ళ మీద కోపం. అరగంట పనికి దరఖాస్తు అడుగుతారు, నూరేళ్ళ ఇంటిని మాత్రం ఒక్క సంతకంతో పడగొడతారు. మొక్కను చూసి గోడకు నోటీసిచ్చి, గోడ చూపించి మొక్కను కాపాడతారు. రెంటి మధ్యా నలిగే మనిషి ఫైలు మాత్రం ఎవరి టేబులు మీదా ఉండదు. ఆ దాలాన్ వసారాలో టేకు స్తంభాలు ఇంకా నిటారుగా ఉన్నాయి. ఆడవాళ్ళుండే జనానా వైపు కిటికీల్లో రంగుటద్దాలు సగం మిగిలాయి. మధ్యలో సెహన్ వాకిట్లో బావి నీళ్ళు ఇప్పటికీ చేదుకుంటారు. ఇవేవీ నిన్న ఒక్క సారుకీ కనిపించలేదు. ముగ్గురూ గేటు దాటి లోపలికే రాలేదు! బయట నిలబడి నిన్ను చూసి, మేం తెప్పించిన చాయ్ తాగి, మాతో ఫొటో దిగి వెళ్ళిపోయారు. ఆ ఫొటో సాయంత్రానికే "వారసత్వ కట్టడం సందర్శన" అని వాళ్ళ ఆఫీసు పేజీలో వచ్చింది. సిగ్గుండాలి కదా ఎవరికో ఒకరికి.

అందుకని రాత్రి కూర్చుని దరఖాస్తు రాశాం. నిన్ను నరకడానికి కాదు, ఆ మాట ఎత్తితే వాల్టా. "మొక్కను సురక్షిత ప్రదేశమునకు తరలించుట గురించి" అని విషయం. హరితహారం పేరు ఇప్పుడు వనమహోత్సవమైంది కాబట్టి అందులోనే కలిపాం. తరలించాల్సిన స్థలంగా సదరు ఆఫీసు ఆవరణ చూపించాం, గేటుకు ఎడమ పక్కన ఖాళీ ఉంది, నేల మెత్తన, బోరు నీళ్ళున్నాయి. నాటేటప్పుడు పార పట్టుకోవలసిందిగా పచ్చదనం సారునే ముఖ్య అతిథిగా కోరాం. గోడను ముట్టుకోకుండా వేరును వేరు చెయ్యగల మనిషి మా మేస్త్రి ఒక్కడేనని, అతని రెండు రోజుల కూలి మేమే భరిస్తామని కూడా రాశాం. సారుకు ఫోన్ చేసి ఫొటో ఉంటుందన్నాం, వస్తామన్నారు. ఈసారి పొద్దున తొమ్మిదింటికి.

నువ్వు మాత్రం ఆ రెండు రోజులు కాస్త ఆకులు వాడినట్టు కనిపించు. సురక్షిత ప్రదేశం అవసరమేనని వాళ్ళకు అనిపించాలి.

ఇట్లు,
నిచ్చెన తిరిగి ఇవ్వకుండా దగ్గరే ఉంచుకున్న
దేవిడి వాలంటీర్లు

తా.క.: ఆఫీసు గేటు దగ్గర నీకు బాగా సాగుతుంది. అక్కడ కాంపౌండు గోడ సిమెంటుది, లోపల తడి పట్టి ఉంది, పక్కనే తూము కూడా పూడి ఉంది. మేం చూసుకునే ఆ చోటు రాశాం.