టికెట్ మీద కిలోల లెక్క

రేణిగుంట విమానాశ్రయంలో హైదరాబాద్ విమానం కోసం కూర్చున్నవాళ్లలో గుండ్లకు కొదవుండదు. ఒక చేతిలో లడ్డూల సంచి, ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోన్‌లో టికెట్ ధర పక్కనే కొన్ని యాప్‌లు ఇప్పుడు మరో అంకె చూపిస్తున్నాయి: మీ ప్రయాణానికి ఇన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అని. ఒకే ప్రయాణానికి రెండు చోట్ల రెండు అంకెలు కనబడేసరికి, ఇదంతా కాకిలెక్క అని జనం తోసేస్తారు.

కాకిలెక్కేమీ కాదు. కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇందులో పేచీ లేదు. విమానం రెండు టన్నులు కాల్చిందనుకుందాం, 6,320 కిలోలు. 160 మంది ఎక్కితే తలకు 40 కిలోల దాకా, వంద మందే ఎక్కితే 63. తగువంతా ఈ పంపకం దగ్గరే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) పద్ధతిలో ప్రయాణికుడిని సామానుతో సహా 100 కిలోల బరువుగా కడతారు, సీటూ గీటూ కింద ఇంకో 50. తలనీలాలు ఇచ్చి వచ్చినా, లడ్డూలు అదనంగా కట్టించుకున్నా అదే 100! ఆకాశంలో దారి తిన్నగా సాగదు కనుక 550 కి.మీ. లోపు ప్రయాణాలకు 50 కి.మీ. కలుపుతారు. రేణిగుంట నుంచి శంషాబాద్‌కు సుమారు 420 కి.మీ.; మనదీ ఆ కోవే. పైగా విమానం ఎక్కువ ఇంధనం తాగేది పైకి లేచేటప్పుడు. అందుకే దగ్గరి ఊళ్లకు కిలోమీటరు లెక్కన భారం ఎక్కువ.

మా అభ్యంతరం వేరే. ఐకావో లెక్క కార్బన్ డయాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. జెట్ విమానం వెనక సాగే తెల్లచారను చూసి మన పిల్లలు శ్రీహరికోట రాకెట్ అని కేకలేస్తారు. ఇంజిన్ పొగలోని మసి చుట్టూ నీటి ఆవిరి గడ్డకట్టి ఏర్పడే చార అది. గాలి చల్లగా, తేమగా ఉంటే పలచటి మబ్బులా పరుచుకుని, నేల నుంచి పోయే వేడిని ఆపుతుంది. విమానాల వల్ల పెరిగే వేడిలో మూడింట రెండొంతులు ఇలా కార్బన్ డయాక్సైడ్ కాని కారణాలదేనని 2021లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అందులో అనిశ్చితి ఎక్కువే, కానీ అనిశ్చితి ఉందని సున్నా వేయడం ఏం లెక్క? తక్కువ ఎత్తులో పోయే ప్రొపెల్లర్ విమానాలకు ఈ చారలు దాదాపు ఉండవు, ఆ తేడా కూడా టికెట్‌లో కనబడదు. ఎత్తైన పలచటి మబ్బులను లైడార్‌తో (లేజర్ కాంతితో కొలిచే పరికరం) ఏళ్లుగా పరిశీలిస్తున్న జాతీయ వాతావరణ పరిశోధనశాల తిరుపతి దగ్గర మన గాదంకిలోనే ఉంది. ఈ సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పడానికి అంతకంటే తగినవారెవరు?

నడవలేని తల్లిదండ్రులను విమానంలో తీసుకొచ్చినవాళ్లను మేం తప్పుపట్టం. పౌర విమానయాన శాఖను అడిగేది ఒక్కటే. అంకె వేస్తే దాని కిందే ఎన్ని సీట్లు నిండుతాయనుకున్నారో, చారలను కలిపారో లేదో ఒక వాక్యంలో రాయించాలి. 2023 నుంచి తిరుపతి, సికింద్రాబాద్ మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది, రైలు అంకెను కూడా పక్కన వేయించాలి. అదీ రైలు వాడే కరెంటు కోసం కాల్చే బొగ్గును కలిపి కట్టిందే అయి ఉండాలి.