300 ఎంబీపీఎస్ మీ దగ్గరే పెట్టుకోండి

పొద్దున్నే ఫోన్. "సర్, ఆఫర్ నడుస్తోంది, మీ ప్లాన్ 500 ఎంబీపీఎస్‌కు మార్చమంటారా?" నేను ఒకటే అడిగాను: "రాత్రి తొమ్మిదిన్నరకు హన్మకొండలో పింగ్ ఎంతుంటది మేడమ్?" అవతల రెండు సెకన్లు చప్పుడు లేదు. తర్వాత "సర్, డేటా అన్‌లిమిటెడ్ సర్" అంది.

ఆ అమ్మాయి మీద కోపం లేదు. ఆమె ముందు పెట్టిన కాగితంలో పింగ్ అనే మాటే ఉండదు. పింగ్ అంటే మన కబురు ఆట సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో. ఎంత తక్కువైతే అంత మంచిది. నా కోపమంతా ఆ కాగితం రాసినవాళ్ల మీద. ఇంటర్నెట్ అమ్మేవాళ్ల నోట ఎంబీపీఎస్, అంటే సెకనుకు ఎంత డేటా పోతుందన్న లెక్క, తప్ప ఇంకో మాట రాదు. ఆట ఆడేవాడికి కావలసింది అది కాదని తెలుసుకునేసరికి నాకు పది నెలలు పట్టింది, ప్లాన్ పైసలు అదనం.

మాది వడ్డేపల్లి వైపు డాబా ఇల్లు. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక, నా కంప్యూటర్ పై గదిలో. మధ్యలో ఒక స్లాబు, రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. పగలు వాలరెంట్ అనే తుపాకుల ఆటలో పింగ్ 35 దగ్గర నిలబడేది. రాత్రి తొమ్మిది దాటితే 35, 40, 210, 38, 340. గోడ పక్కన సరిగ్గానే దాక్కుంటాను, తెర మీద ఎవడూ కనపడడు, అప్పటికే చచ్చిపోయి ఉంటాను. మా టీమ్‌లోని కరీంనగర్ పోరడు "అన్నా, నీది నెట్టా, నత్తా?" అన్నాడు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

కేబుల్ అన్నను పిలిస్తే వచ్చి చూశాడు. "100 సరిపోతలేదు తమ్మీ. 300కు మార్చుకో, ఉరుకుతది." మార్చాను. స్పీడ్ టెస్ట్‌లో 290 వచ్చింది, ఆటలో పింగ్ మళ్లీ అదే 340. ఫోన్ చేస్తే "స్పీడ్ వస్తుంది గద తమ్మీ, ఇంకేం గావాలె?" అన్నాడు. న్యాయమే. ఆయన అమ్మింది ఆయన ఇచ్చాడు. తెలివితక్కువగా కొన్నది నేను. నా కంప్యూటర్‌లో లెక్క చూస్తే గంట ఆటకు 300 ఎంబీ కూడా దాటలేదు. అంటే ఒక ఎంబీపీఎస్ కూడా నిండదు. ఆటకు అప్‌డేట్ వచ్చిన రోజు పెద్ద ప్లాన్ పనికొస్తుంది, కాదనను. ఆ ఒక్క రోజు కోసం నెల నెలా కడతామా?

అసలు సంగతి సద్దుల బతుకమ్మ నాడు తెలిసింది. ఇంట్లో ఆడవాళ్లంతా పద్మాక్షి గుట్టకు పోయారు. నేను ప్రశాంతంగా ఆడుకుంటున్నాను, పింగ్ 34, గీత గీసినట్టు. పదింటికి గేటు చప్పుడైంది. అమ్మ, చెల్లె, చిన్నమ్మ, చిన్నమ్మ బిడ్డ లోపలికి వచ్చారు. నిమిషం తిరగలేదు, పింగ్ 600. కింద నుంచి అమ్మ "ఆట ఆపి సద్దులు తిందువు రా బిడ్డా" అంటోంది, ఇక్కడ నా ప్రాణం పోతోంది. దిగిపోయి చూస్తే నాలుగు ఫోన్లూ వైఫై పట్టుకున్నాయి, గుట్ట దగ్గర తీసిన వీడియోలన్నీ వాటంతటవే గూగుల్‌కు ఎక్కుతున్నాయి. చెల్లె ఫోన్‌లో వైఫై తీసేశాను, పింగ్ 300కు దిగింది. మిగతా మూడూ తీసేశాను, 36. బిల్లు వెతికి చూస్తే డౌన్‌లోడ్ 300 పెద్ద అక్షరాల్లో ఉంది, మూలకు ఎక్కడో అప్‌లోడ్ 30.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో పోయినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గేటు ముందు బస్తాల బండ్లు బారులు కట్టి ఉంటాయి. చేతిలో ఒక్క చీటీ పట్టుకుని సైకిల్ మోటార్ మీద వచ్చినవాడు కూడా ఆ బండ్ల వెనకే నిలబడాలి. రౌటర్‌లోనూ అంతే. వీడియోలు బస్తాల బండ్లు, నేను తుపాకీ పేల్చానన్న కబురు చీటీ. మార్కెట్ యార్డు ఎంత పెద్దదైతే ఏం లాభం, గేటు దగ్గర చీటీ వాడిని ముందు పంపే మనిషి లేనప్పుడు?

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుంది. జిమ్ గెటిస్ అనే అమెరికా ఇంజినీరు 2010లో తన ఇంటి కనెక్షన్‌లోనే ఈ తలనొప్పి పడి, దాని వెంట పడి, ఈ పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వ్యాన్ జేకబ్సన్ అనే ఇద్దరు కోడెల్ అనే విరుగుడు చెప్పారు. దాని మీద వచ్చినవి ఇప్పుడు రౌటర్లలో ఎక్కించే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌క్యూఎం పేరుతో ఉన్నాయి. గేటు దగ్గర చీటీ వాడిని ముందు పంపే మనిషి అదే. ప్రొవైడర్ నాకిచ్చిన డబ్బాలో మాత్రం ఆ ఊసే లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత రౌటర్ కొని, అది ఎక్కించి, అప్‌లోడ్‌ను 27 దగ్గర కట్టేశాను. అవును, ఉన్న స్పీడ్ నేనే తగ్గించుకున్నాను. అప్పుడు బారు ప్రొవైడర్ డబ్బాలో కాకుండా ఆ మనిషి ఉన్న నా రౌటర్‌లోనే కడుతుంది. కావాలని అందరి ఫోన్లలో వీడియోలు ఎక్కించి చూశాను, పింగ్ 41 దాటలేదు.

దీనికి ముందే చేయాల్సిన పని ఇంకోటి ఉంది, నేను మాత్రం దాన్ని వెనక చేశాను. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రౌటర్‌నే పింగ్ కొట్టండి, చాలా ఇళ్లలో దాని అడ్రస్ 192.168.1.1. మన ఇంట్లో డబ్బాకే కబురు పోయి రావడానికి నా వైఫైలో ఒకసారి 3, ఒకసారి 150 మిల్లీసెకన్లు. ఆట నడిచే ముంబై సర్వర్‌ను తిట్టి ఏం లాభం, కబురు మా మెట్లే దిగలేదు. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే, 1, 6, 11. నా గదిలో లిస్టు తెరిస్తే పక్కిళ్లవి పద్నాలుగు పేర్లు కనపడ్డాయి. 5 గిగాహెర్ట్జ్ మంచిదే, మా స్లాబు దాటి రాదు.

అందుకని వైరు. పాత డిష్ వైరు పోయిన పైపు గోడలో ఉండనే ఉంది. ఆ వైరు తోకకు క్యాట్ 6 అనే కొత్త నెట్ వైరు కట్టి టేపు చుట్టి, పై నుంచి నేను లాగుతుంటే కింద నుంచి బాపు అందించాడు. మలుపు దగ్గర ఇరుక్కుంది. బాపు తిట్టుకుంటూనే వంటింట్లోకి పోయి కొబ్బరి నూనె తెచ్చి వైరుకు రాశాడు. జారింది. ఆ సాయంత్రం మా ఇద్దరి చేతులూ కొబ్బరి నూనె వాసనే. జాక్‌లో ఎనిమిది తీగల్లో ఒకటి సరిగ్గా కూర్చోక మొదట స్పీడ్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగింది, మళ్లీ కోసి కొట్టాను. రౌటర్‌కు పింగ్ ఇప్పుడు ఒక మిల్లీసెకను లోపే. వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి సగం ధరకు అంటగడతారు.

మన చేతిలో లేనివీ ఉన్నాయి. సంక్రాంతి తర్వాత మళ్లీ నెట్ తెగిపోవడం మొదలైంది, డబ్బా మీద ఎర్ర లైటు కొట్టుకునేది. కేబుల్ అన్న ఈసారి ఫైబర్ వైరులో వచ్చే వెలుగును కొలిచే చిన్న మీటర్ తెచ్చి పెడితే మైనస్ 29 డీబీఎం చూపించింది. మైనస్ 27 కంటే కిందికి పోతే డబ్బాకు వెలుగు సరిగ్గా అందదు. ఎందుకని చూస్తే స్తంభం నుంచి మా పిట్టగోడకు వచ్చే వైరు ఉయ్యాల అయిపోయింది, కోతులకు. హన్మకొండలో ఉన్నవాళ్లకు నేను వర్ణించాలా? ఆయన నిచ్చెన మీద నిలబడి, ఎండలో, వెంట్రుక లాంటి గాజు పోగును మిషన్‌లో పెట్టి అతికించాడు. మైనస్ 21. ఇంతకుముందు ఆయన మీద వేసిన జోకులు వెనక్కి తీసుకుంటున్నాను, ఒక్క 300 జోకు తప్ప.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారే రెప్పపాటులో రౌటర్ ఆగిపోయి మళ్లీ లేచేది, మూడు నిమిషాలు మ్యాచ్ గోవిందా. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాను, ఆ గొడవ పోయింది.

ఇక ఎండ్రకాయ లెక్క ఎనిమిది యాంటెన్నాలున్న గేమింగ్ రౌటర్ కొందామనేవాళ్లు ముందు వైరు లాగండి. డీఎన్ఎస్ మారిస్తే పింగ్ తగ్గుతుందన్న వీడియోలు నమ్మకండి. డీఎన్ఎస్ పని పేరు చెబితే నంబరు ఇవ్వడం వరకే, మ్యాచ్ మొదలయ్యాక దానికి పని లేదు. పింగ్ 5 కావాలని అడిగే తమ్ముళ్లకు ఒక లెక్క: గాజు పోగులో వెలుగు మిల్లీసెకనుకు పోయేది సుమారు 200 కిలోమీటర్లు. మన దగ్గర నుంచి హైదరాబాద్ మీదుగా ముంబై 850 దాకా ఉంటుంది. పోయి రావడానికే ఎనిమిదిన్నర, అదీ వైరు తిన్నగా ఉంటే, మధ్యలో ఎక్కడా ఆగకుంటే. మాకు 35 వస్తోంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అది కదలకుండా ఉంటే చాలు.

పోయిన నెల తిరిగి 100 ప్లాన్‌కు వచ్చేశాను. ఎస్‌క్యూఎంలో అప్‌లోడ్ లెక్క మళ్లీ మార్చుకోవాలి, మర్చిపోకండి. నేను మర్చిపోయి రెండు రోజులు మళ్లీ నత్తనయ్యాను.

ఇది రాస్తుంటే మేడ మీద ధన్‌మని చప్పుడైంది. వైరు చూసొస్తా.