తపస్సు కాలంలో ఆడవాళ్ళకి వంటిల్లే మిగిలిందా? ఆ మెసేజ్‌కి జవాబు

విభూది బుధవారం (ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలానికి మొదటి రోజు) దగ్గర పడితే చాలు, వాట్సాప్‌లో ఆ పాత మెసేజ్ మళ్ళీ లేస్తుంది. సారాంశం చెప్తాను. కతోలిక స్త్రీకి తపస్సు కాలం అంటే ఉపవాసం ఉన్నవాళ్ళకి వండిపెట్టడం, గుడి ఊడ్చడం, పూలు కట్టడం. నెలసరిలో ఉంటే నుదుట విభూది పెట్టించుకోకూడదు, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోకూడదు. యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా పవిత్ర గురువారం ఫాదర్ పాదాలు కడిగేది మగవాళ్ళకే. బలిపీఠం దగ్గర ఆడవాళ్ళకి చోటు లేదు. వేదవిద్య ఫాదర్లకే. ఆడవాళ్ళ సంఘాలు కాలక్షేపానికి. అసలు వాళ్ళకి తీరికే దొరకదు. చివర్లో ‘ఇదే శ్రీసభ చట్టం’ అని, అంటే కతోలిక చర్చి చట్టమని, ఒక ముద్ర.

శ్రీసభని తిట్టేవాళ్ళూ దీన్ని పంచుతున్నారు, ఆడవాళ్ళు ఇలాగే పడుండాలనుకునే మన పెద్దమనుషులూ పంచుతున్నారు. ఆ రెండు పక్షాలకీ ఒకే మెసేజ్ నచ్చిందంటే అక్కడే అనుమానం రావాలి.

ఉపవాసం సంగతి త్వరగా తేల్చేద్దాం. చట్టంలో ఆడ, మగ తేడా లేదు. 14 ఏళ్ళు నిండినవాళ్ళు శుక్రవారాలు మాంసం మానాలి. 18 నిండిన దగ్గర్నుంచి 59 నిండేదాకా విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒంటిపూట భోజనం చెయ్యాలి, మిగతా రెండు పూటలా కొద్దిగా ఏదైనా తినొచ్చు. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, జబ్బుపడ్డవాళ్ళకీ పట్టింపు లేదు. ఇంటిల్లిపాదీ ఒక్క పూటే తింటే వంట తగ్గాలి గానీ పెరగడమేంటి? శుక్రవారం మాంసం లేదు కదా అని గుత్తివంకాయ, పులిహోర, రెండు రకాల వేపుళ్ళు కావాలనే మగమహారాజులున్న ఇళ్ళు నాకూ తెలుసు. అది చట్టం తప్పు కాదు, నాలిక తప్పు.

నెలసరి మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఈ మెసేజ్‌లో ఎక్కువ హాని చేసేది అదే. విభూది కోసం వరుసలో నిలబడ్డ పిల్లని వెనక నుంచి మేనత్త చెవిలో ఏదో అడుగుతుంది. ఆ పిల్ల తలొంచుకుని వరుస వదిలేసి గోడ పక్కకి పోయి నిలబడుతుంది. ఫాదర్ గారి చేతిలో ఉన్నది పోయినేడు మ్రానికొమ్మల ఆదివారం నాడు పంచిన మట్టలు కాల్చిన బూడిద. అది పెట్టించుకోవడానికి నెలసరి అడ్డమని ఏ పూజ పుస్తకంలోనూ లేదు.

పైగా ఈ సందేహం కొత్తదేం కాదు. 6వ శతాబ్దం చివర్లో రోము నుంచి ఇంగ్లండు వెళ్ళిన కాంటర్‌బరీ అగస్టీను సరిగ్గా ఇదే ప్రశ్న గ్రెగరీ పాపుగారికి (అప్పటి పోపుకి) రాసి పంపాడు. 601 ప్రాంతంలో వచ్చిన జవాబుని బీడ్ అనే సన్యాసి తన చరిత్రలో భద్రం చేశాడు. నెలసరిలో ఉన్న స్త్రీని గుడిలోకి రావద్దనకూడదు, సత్ప్రసాదం వద్దనకూడదు, స్వభావసిద్ధంగా జరిగేదాన్ని ఆమె నేరంగా లెక్కకట్టకూడదు అని దాని సారం. భక్తికొద్దీ తనంతట తనే ఆగితే అది మెచ్చుకోదగ్గదే గానీ, తీసుకున్నదాన్ని తప్పుపట్టకూడదని కూడా అన్నారు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, గుంపులోంచి వచ్చి యేసు అంగీ అంచు తాకిన స్త్రీనే గ్రెగరీ పాపుగారు సాక్ష్యంగా చూపించారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే పోపు తేల్చిన విషయాన్ని మన గ్రూపు అడ్మిన్ తిరగదోడుతున్నాడు. ఇంట్లో మూల కూర్చోబెట్టే ఆచారం మనతోపాటు గుడి మెట్లెక్కింది, అంతే. దాని మీద శ్రీసభ ముద్ర వెయ్యడం అన్యాయం.

పాదాలు కడిగే విషయంలో మెసేజ్ ఒకప్పటి నిజాన్ని ఇప్పటిదిగా చెప్తోంది. పాత నియమంలో ‘పురుషులు’ అనే ఉండేది. ఫ్రాన్సిస్ పాపుగారు 2013లో, పోపు అయిన రెండు వారాలకే, రోములో పిల్లల జైలుకి వెళ్ళి అమ్మాయిల పాదాలు కూడా కడిగారు. ఆ తర్వాత 2016 జనవరి 6 నాటి ఉత్తర్వుతో నియమమే మారింది. ఆడ, మగ, పడుచు, ముసలి, ఎవర్నైనా ఎంచుకోవచ్చు. 2024లో ఆయన రెబిబ్బియా మహిళా జైల్లో చక్రాల కుర్చీలో కూర్చుని పన్నెండుమంది ఖైదీల పాదాలు కడిగారు, అందరూ ఆడవాళ్ళే. ఇది లాటిన్ రీతికి, అంటే రోము పూజావిధానానికి, వర్తించే మార్పు. ఆదిలాబాదులా సీరో మలబార్ రీతి (కేరళ నుంచి వచ్చిన తూర్పు పూజావిధానం) ఉన్నచోట ఆచారం వేరు. ఇకపోతే గుంటూరు, విజయవాడ, హైదరాబాదు మేత్రాసనాలు (బిషప్పుల పరిధులు) లాటిన్ రీతివే. అక్కడ కూడా ఏదైనా విచారణలో (ఒక ఫాదర్ గారి కింద ఉండే సంఘంలో) పాదాలు కడిగేవాళ్ళ జాబితా ఇంకా ‘పన్నెండుమంది మగపెద్దలు’ అనే మొదలవుతుంటే, అది రాసినవాళ్ళని అడగాలి, రోముని కాదు.

బలిపీఠం దగ్గర ఆడవాళ్ళకి చోటే లేదన్న మాటా ఇంతే. పూజలో మొదటి పఠనం (బైబిలు భాగం) ఆడవాళ్ళు ఎప్పట్నుంచో చదువుతున్నారు. 2021 జనవరిలో చట్టం మార్చి, పఠన సేవ (బైబిలు చదవడం), పీఠ సేవ (బలిపీఠం దగ్గర సాయం) అనే స్థిర పదవులకి స్త్రీలని కూడా నియమించవచ్చన్నారు. అదే ఏడాది మేలో ఉపదేశి (విశ్వాస పాఠాలు చెప్పే మనిషి) పదవిని స్థిరమైన సేవగా ప్రకటించారు, స్త్రీ పురుషులిద్దరికీ. కుదరనిది గురుపట్టం, అంటే ఫాదర్ అవ్వడం. పూజలో ప్రసంగం కూడా గురువుదో, ఆయన కింది పట్టం పొందిన డీకనుదో. ఇవి నిజంగా ఉన్న హద్దులు, వాటి మీద వాదించేవాళ్ళు వాదించుకోవచ్చు. లేని హద్దుల్ని మాత్రం వాటి పక్కన చేర్చకండి. సిలువ మార్గంలో (యేసు సిలువ యాత్రని పధ్నాలుగు స్థలాలుగా తలుచుకునే ప్రార్థనలో) ధ్యానం చెప్పడానికి గురుపట్టం అక్కర్లేదు. 2019లో రోము కొలోసియంలో పోపు ముందు చదివిన పధ్నాలుగు స్థలాల ధ్యానాలు రాసింది సిస్టర్ యుజేనియా బొనెట్టి. వ్యభిచారంలోకి అమ్ముడుపోయిన ఆడపిల్లల్ని విడిపించే పనిలో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి.

ఆడవాళ్ళకి వేదవిద్య లేదట! శ్రీసభ పండితులుగా గుర్తించినవాళ్ళలో నలుగురు స్త్రీలు: అవిలా తెరేజమ్మ, సియన్నా కతరీనమ్మ (ఇద్దరూ 1970లో), లిస్యూ చిన్న తెరేజమ్మ (1997), హిల్డెగార్డ్ (2012). దూరపు పేర్లంటారా, మన ఫిరంగిపురం చూడండి. 1822లో అక్కడ పుట్టిన జ్ఞానమ్మ భర్త పోయాక పిల్లల్ని పెంచుకుంటూనే, తమిళదేశంలోని కీళచ్చేరిలో ఆడపిల్లలకి బడి పెట్టింది. అది 1860ల మాట, వితంతువు గడప దాటితేనే తప్పుపట్టే కాలం. మద్రాసులో, ఫిరంగిపురంలో ఉన్న రెండు సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభలకి ఆవిడే మూలం. పాస్కా (ఈస్టరు) జాగరణ రాత్రి జ్ఞానస్నానం పొందబోయేవాళ్ళకి ఈ నలభై రోజులూ ప్రార్థనలూ విశ్వాస సంగ్రహమూ నేర్పించేది ఎవరో మీ విచారణలో ఓసారి చూసుకోండి. చాలాచోట్ల ఒక సిస్టరో, ఒక టీచరమ్మో.

‘ఆడవాళ్ళ సంఘాలు కాలక్షేపం’ అన్నవాళ్ళకి ఒక కాలక్షేపం కథ. 1960 తపస్సు కాలంలో ఇంగ్లండు కతోలిక మహిళా సంఘాలవాళ్ళు ఒక శుక్రవారం కుటుంబాలన్నీ పస్తుండి, ఆ మిగిలిన డబ్బు పంపమన్నారు. డొమినికా దీవిలో తల్లీబిడ్డల ఆసుపత్రి కోసం. అందులోంచి రెండేళ్ళకి పుట్టిందే కాఫోడ్, ఆ దేశపు కతోలికుల సహాయ సంస్థ. మన దగ్గర కారితాస్ ఇండియా కూడా ఏటా తపస్సు కాలంలోనే ఆకలి మీద, రోగాల మీద విరాళాల ఉద్యమం నడుపుతుంది. ఆ కవర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగేదెవరో నేను చెప్పక్కర్లేదు.

మెసేజ్‌లో పేచీ పెట్టలేని మాట ఒకటుంది, ఆడవాళ్ళకి తీరికే దొరకదని. రిట్రీట్ (ధ్యాన ప్రార్థనల కూడిక) పొద్దున పదింటికి పెడితే మిరప కోతలకి పోయే మనిషి ఎలా వస్తుంది? పెద్దలు పెట్టిన టైమది. రాత్రి ఏడున్నరకి, పేటలోనే, గంటలో ముగిసేలా పెట్టమని ఈ ఆదివారం పూజ కాగానే ఫాదర్ గారిని అడగండి. పిల్లల్ని చూసే పని ఆ గంటసేపు మగవాళ్ళకి అప్పజెప్పమని కూడా అప్పుడే చెప్పేయండి.