బాబాయి సైకిలు, అమెరికా న్యాయం

టెన్త్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంటే సైకిలు కొనిస్తానని మా బాబాయి మాటిచ్చాడు. క్లాస్ వచ్చింది, సైకిలు రాలేదు. ముప్ఫై ఏళ్లు దాటినా ఆశ చావక, ఈమధ్య అమెరికా కాంట్రాక్ట్ చట్టం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అమెరికానే ఎందుకంటే, అక్కడివాళ్లు ప్రతిదానికీ కోర్టుకెళ్తారు, బాబాయిల మీద కూడా వెళ్లే ఉంటారని నా నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు.

ఆ చట్టమంటే రైలు కంపెనీలూ, ఉక్కు ఫ్యాక్టరీలూ, బ్యాంకులూ కలిసి కట్టుకున్న కోట అనుకున్నాను. అవీ ఉన్నాయి. కానీ 1871లో హార్వర్డ్‌లో లాంగ్‌డెల్ అనే డీన్ పాత తీర్పులు ఏరి కూర్చి పాఠ్యపుస్తకం వేసినప్పటి నుంచీ అక్కడి పిల్లలు కేసులు చదివే న్యాయశాస్త్రం నేర్చుకుంటున్నారు. ఆ కేసుల్లో నాకు ఎక్కువగా కనబడింది చుట్టాలు. విందులో ఇచ్చిన మాటలు, చావు కబురు విని రాసిన ఉత్తరాలు, మందు మీద చేసిన బేరాలు. మన ఇళ్లలోని గొడవలే, డాలర్లలో.

1869 మార్చి 20న విలియం స్టోరీ అనే పెద్దమనిషి, తన అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజు వేడుకలో, చుట్టాలందరి ముందూ, తన పేరే పెట్టుకున్న పదిహేనేళ్ల కుర్రాడికి మాటిచ్చాడు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా మందు, పొగాకు, బూతులు, డబ్బు పెట్టి పేకాట, బిలియర్డ్స్ మానేస్తే 5,000 డాలర్లు ఇస్తానన్నాడు. (ఈయన కుర్రాడికి పెదనాన్నో బాబాయో తీర్పులో లేదు. 'అంకుల్' అని రాసి ఊరుకున్నారు. వరస తేల్చకుండా వ్యాజ్యం ఎలా తేల్చారో ఆ జడ్జీలకే తెలియాలి.)

కుర్రాడు అన్నీ మానేశాడు. 1875లో ఇరవై ఒకటి నిండగానే, నా వంతు అయిపోయిందని ఉత్తరం రాశాడు. పెద్దాయన వెంటనే జవాబిచ్చాడు. డబ్బు నీదే నాయనా, బ్యాంకులో ఉంది, కానీ నీకు చూసుకునే తెలివి వచ్చిందని నాకు తోచేదాకా నా దగ్గరే ఉంటుంది అన్నాడు. అక్కడితో ఆపాడా? నా మొదటి అయిదు వేలు కూడబెట్టడానికి ఎన్నాళ్లు చిత్రిక పట్టానో, ఎన్నేళ్లు కసాయి పని చేశానో, కిరాణా కొట్లో పనిచేస్తూ నాలుగో అంతస్తులో ఎలా ఒంటరిగా పడుకున్నానో, ఊళ్లో కలరాతో రోజుకు ఎంతమంది పోయారో అంటూ ఏకరువు పెట్టి, నువ్వు నాకంటే చాలా సులువుగా సంపాదించావు అని ముగించాడు. ఈ ఉత్తరం చదివాక నా అనుమానం తీరిపోయింది. ఇస్తానన్న డబ్బు చేతిలో పెట్టకుండా తన చిన్నప్పటి కష్టాలు చెప్పేవాడు ఏ ఖండంలోనైనా బాబాయే.

1887లో బాబాయి పోయాడు. డబ్బు అప్పటికీ ఆయన దగ్గరే ఉంది. ఆస్తి వ్యవహారాలు చూసే సిడ్‌వే అనే ఆయన పైసా ఇవ్వనన్నాడు. చెడు అలవాట్లు మానితే బాగుపడింది కుర్రాడు, పెద్దాయనకు ఒరిగిందేమిటి, ప్రతిఫలం లేని మాట కాంట్రాక్ట్ ఎలా అవుతుందని అతని వాదన. ఈ హక్కు చేతులు మారి లూయీజా హేమర్ అనే ఆవిడకు చేరింది, కేసు కింది కోర్టులో గెలిచి, పై కోర్టులో ఓడి, 1891లో న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత కోర్టుకెక్కింది. ఆ కోర్టు గంభీరంగా ఏమందంటే: కుర్రాడు పొగాకు వాడేవాడు, అప్పుడప్పుడూ మందు తాగేవాడు, అలా చేసే చట్టబద్ధమైన హక్కు అతనికుంది, ఆ హక్కు వదులుకోవడమే ప్రతిఫలం, డబ్బు కట్టండి.

నా గుండె ఎగిరి గంతేసింది. టెన్త్‌లో నేనూ ఒక హక్కు వదులుకున్నాను. చదవకుండా ఉండే హక్కు. దాన్ని అంతకుముందు తొమ్మిదేళ్లు నిరాటంకంగా అనుభవించానని మా మాస్టార్లంతా సాక్ష్యం చెబుతారు.

కానీ పేజీ తిప్పితే అలబామా. 1840లో భర్త పోయిన ఒకావిడకు భర్త తోబుట్టువు ఉత్తరం రాశాడు. 'డియర్ సిస్టర్ యాంటిలికో' అని మొదలుపెట్టి, నువ్వొస్తే పిల్లల్ని పెంచుకోవడానికి చోటిస్తాను, నా దగ్గర సాగు చేయలేనంత భూమి ఉంది అన్నాడు. ఆవిడ ఉన్నచోటు వదిలేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని అరవై డెబ్బై మైళ్లు వచ్చింది. రెండేళ్లు మంచి ఇంట్లో ఉంచాడు. తర్వాత అడవిలో ఓ కొంపకు మార్చాడు. ఆ తర్వాత అదీ ఖాళీ చెయ్యమన్నాడు. జ్యూరీ 200 డాలర్లు ఇప్పించింది. 1845లో రాష్ట్ర సుప్రీంకోర్టు, అది ఉత్త దయ, కాంట్రాక్ట్ కాదని కొట్టేసింది. పేకాట మానడం ప్రతిఫలం, ఇల్లూ వాకిలీ మానుకోవడం ప్రయాణం. తీర్పు రాసిన జడ్జి ఆర్మండ్, నా మట్టుకు నాకు ఆవిడ పడ్డ నష్టమూ ఇబ్బందీ చాలనిపిస్తోంది, కానీ తోటి జడ్జీలు ఒప్పుకోవడం లేదు అని అందులోనే రాసుకున్నాడు పాపం.

మసాచుసెట్స్‌లో అంతకంటే ఘోరం. సముద్రయానం నుంచి తిరిగొచ్చి జబ్బుపడ్డ పరాయి కుర్రాడికి మిల్స్ అనే ఆయన పదిహేను రోజులు సేవ చేశాడు. ఖర్చులిస్తానని తండ్రి ఉత్తరం రాసి తర్వాత మాట తప్పాడు. అది ఆయన మనస్సాక్షికి సంబంధించిన విషయమని 1825లో కోర్టు చేతులు దులుపుకుంది. అదే అలబామాలో వెబ్ అనే కూలీ, పైనుంచి వేయబోతున్న 75 పౌండ్ల పైన్ దుంగ కిందనున్న మెక్‌గోవిన్ అనే ఆయన మీద పడకుండా, దుంగతోపాటు తానూ దూకి జీవితాంతం వికలాంగుడయ్యాడు. రెండు వారాలకోసారి 15 డాలర్లు ఇస్తానన్న మెక్‌గోవిన్ మాట చెల్లుతుందని 1935లో తీర్పొచ్చింది. సేవ చేసేవాళ్లు మంచం పక్కన కూర్చునే బదులు ఎక్కడినుంచైనా దూకడం మేలు.

పైన్ చెట్టుకీ ఈ చట్టానికీ పాత చుట్టరికం ఏదో ఉంది. 1952 డిసెంబర్ 20 రాత్రి, వర్జీనియాలో తన సొంత రెస్టారెంట్లో, జీమర్ అనే ఆయన లూసీ అనే పరిచయస్తుడితో మందు కొడుతూ కూర్చున్నాడు. నీ 471 ఎకరాల పొలానికి 50,000 డాలర్లు తీసుకోవులే అని లూసీ కవ్వించాడు. తీసుకుంటా, నీ దగ్గర అంత ఎక్కడిదని ఈయన. చివరికి రెస్టారెంటు బిల్లు వెనక అమ్ముతున్నట్టు రాశాడు. మొదట 'నేను' అని రాసి, చించేసి, 'మేము' అని మళ్లీ రాశాడు. ఇది జోకేనని భార్య చెవిలో చెప్పి ఆవిడ చేత కూడా సంతకం పెట్టించాడు. ఆ తర్వాత కోర్టులో, ఆ రాత్రి నేను జార్జియా పైన్ చెట్టంత ఎత్తున తేలుతున్నాను, ఇద్దరు తాగుబోతులం గొప్పలు కోసుకున్నాం అంతే అని మొత్తుకున్నాడు. కడుపులో ఏముందో మాకెందుకు, కాగితం మీద ఏముందో చూస్తామని 1954లో వర్జీనియా అత్యున్నత న్యాయస్థానం పొలం ఇప్పించింది. చించి మళ్లీ రాసేంత శ్రద్ధ ఉన్నవాడికి మత్తేమిటని దాని ధ్వని.

మన దేశానికొస్తే, లాంగ్‌డెల్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1872లో, మన కాంట్రాక్ట్ చట్టం వచ్చింది. అందులో 25వ సెక్షన్ దగ్గరి చుట్టాల ప్రేమాభిమానాలకు కాస్త జాగా ఇచ్చింది. ప్రేమతో ఇచ్చిన మాట ప్రతిఫలం లేకపోయినా చెల్లుతుంది, కాకపోతే రాసి రిజిస్టర్ చేయించాలి. ప్రేమ కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో టోకెన్ తీసుకోవాలన్నమాట.

మొన్న ఆదివారం బాబాయికి ఫోన్ చేసి ఇవన్నీ విడమరిచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఆ రోజు కొంచెం మందు మీద ఉన్నాన్రా" అన్నాడు.

1954 నాటి తీర్పు వివరించాను.

"సైకిలేగా, వచ్చే దసరాకి చూద్దాంలే. మా రోజుల్లో నేను ఆరు మైళ్లు నడిచి..."

"అలాగే బాబాయ్, ఈసారి రాసి రిజిస్టర్ చేయిద్దాం" అన్నాను.

సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.