చెయ్యెట్టొద్దన్నారు గానీ...

సిరిమాను సంబరానికి విజయనగరంలో సొంతిల్లు ఉన్నవాడి అవస్థ ఉన్నవాడికే తెలుసు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పూజారిని కొసన కూర్చోబెట్టుకుని పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడవాటి మాను, తిరుగుతుంది. మా ఇంట్లో చుట్టాలు ఆదివారం నుంచే తిరుగుతారు. మాది ఆ సిరిమాను తిరిగే దారిలోనే, మూడు లాంతర్ల కూడలి దగ్గర, పైగా మేడ. ఇంక చెప్పాలా!

ఈసారి నాకు సెలవివ్వలేదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ల్యాండ్‌లాక్ అని ఒకటుంది. ఒక ప్రోగ్రాం తన చుట్టూ తానే గిరి గీసుకుని, 'ఈ ఫోల్డర్ చదువుకుంటాను, మిగతావాటి జోలికి పోను' అని కెర్నెల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, మాటిచ్చే ఏర్పాటు. గీశాక చెరపడానికి లేదు, దానికి పుట్టిన పిల్ల ప్రోగ్రాములకీ అదే గిరి. పాత కెర్నెళ్ల మీద కూడా పేచీ లేకుండా దీన్ని ఎలా వాడాలో నేను రాసివ్వాలి. 2021లో 5.13 కెర్నెల్‌తో వచ్చినప్పుడు దానికి తెలిసిన ఆంక్షలు కొన్నే, మిగతావి తర్వాత ఒక్కొక్కటీ చేరాయి. అందుకని ముందు కెర్నెల్‌ని 'నీ వెర్షనెంత బాబూ' అని అడిగి, దానికి తెలియనివి మన జాబితాలోంచి కొట్టేసి, మిగిలినవే పెట్టాలి.

వంటింట్లో మా అమ్మదీ అదే ఉద్యోగం. బెల్లం గవ్వల డబ్బా అటక కింద పెట్టి, "ఎవులూ ఇందులో చెయ్యెట్టకండి" అంది. అప్పటికే గుప్పెట నింపుకున్న మా మేనల్లుడు ఆవిడ ఎదురుగానే దర్జాగా నములుతున్నాడు. ల్యాండ్‌లాకూ అంతే. గిరి గీయకముందే తెరిచి పట్టుకున్న ఫైలు జోలికి రాదు.

సోమవారం మధ్యాహ్నానికి పద్నాలుగు పేజీలయ్యాయి. ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాం కూడా రాశాను. ఫోల్డర్‌ని చదవడానికి మాత్రమే అనుమతి పెట్టి, అందులో ఫైలు ఒకదాన్ని ముందు దిద్దబోతుంది, తర్వాత ఖాళీ చెయ్యబోతుంది. రెండిటికీ 'కుదరదు' అని జవాబు రావాలి. పరీక్షకి వేరే ఫైలెందుకని ఆ పద్నాలుగు పేజీల ఫైలే ఇచ్చాను. లాప్‌టాప్‌లో రెండుసార్లూ 'కుదరదు'. ధైర్యమొచ్చేసింది.

ఇంతలో లాప్‌టాప్ పిల్లల కార్టూన్లకి పోయింది. సరే అని పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు పట్టుకుని, మేడ మీద మూలనున్న పాత కంప్యూటర్ దగ్గరికెళ్లాను. కాపీ చెయ్యలేదు, రెండుసార్లూ కట్ కొట్టాను. రెండు చోట్ల రెండు ఫైళ్లుంటే గందరగోళం కదా అని, అదీ నా క్రమశిక్షణ. అందులో కెర్నెల్ 5.15. పరీక్ష నడిపాను.

మొదటిది: కుదరదు. శభాష్.

రెండోది: అయిపోయింది.

ఏటి అయిపోయింది? ఫైలు సైజు చూస్తే సున్నా.

ఫైలుని ఖాళీ చెయ్యకుండా ఆపే ఆంక్ష ల్యాండ్‌లాక్‌కి 6.2లో గానీ రాలేదు. అంతకుముందు కెర్నెల్‌కి ఆ సంగతే తెలియదు కాబట్టి నా ప్రోగ్రాం బుద్ధిగా దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. ఒక్క అక్షరం దిద్దనివ్వలేదు, మొత్తం తుడిచెయ్యనిచ్చింది. ఈ ముక్క నాకు తెలియక కాదు. పదకొండో పేజీలో 'ముఖ్య గమనిక' అని నేనే రాశాను. గమనికతో సహా పోయింది.

కింద నుంచి అమ్మ కేక. పరిగెత్తుకెళ్తే డబ్బా తలకిందులుగా ఉంది, పళ్లెం నిండా గవ్వలు, చుట్టూ పిల్లలు.

"నేను చెయ్యెట్టలేదు అమ్మమ్మా, బోర్లించానంతే!" అంటున్నాడు మేనల్లుడు.

"చూశావేట్రా! తప్పు ఈడిదో నాదో నువ్వే చెప్పు."

"నీదేనమ్మా. నీ ఆంక్ష 6.2కి ముందుది."

"ఆరు రెళ్లు పన్నెండు. అన్ని గవ్వలైనా మిగిలాయేటో లెక్కెట్టు, పిన్నోళ్లు బస్సు దిగిపోయారట."