పిల్లాడి పేరు చెప్పు, లేదా డబ్బు కట్టు

జర్మనీకి పైచదువులకు వెళ్ళే మన పిల్లలకు కన్సల్టెన్సీల వాళ్ళు చాలా చెప్తారు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలని, అందులోంచి నెలకు 992 యూరోలే చేతికొస్తాయని, ఆవకాయను ఎన్ని కవర్లలో చుడితే సూట్‌కేసులో నూనె కారదో కూడా చెప్తారు. అసలు సంగతి మాత్రం సీనియర్లు చెప్పాలి. ఎయిర్‌పోర్టు నుంచి రూముకు తీసుకెళ్తూ రైల్లోనే చెప్పేస్తారు. "ఒరేయ్, ఇక్కడ ఏమైనా చెయ్యి, టోరెంట్ జోలికి మాత్రం పోకు."

టోరెంట్ అంటే నెట్‌లో సినిమాలు ఊరికే దించుకునే దారి. ఆ జోలికి పోతే ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం పంపేవాళ్ళను తిట్టేవాళ్ళే గానీ మెచ్చుకునేవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

కవరు దళసరిగా ఉంటుంది. పంపేది పోలీసులు కాదు, కోర్టు కాదు, సినిమా హక్కుదారుల తరఫు లాయర్లు. మీరు ఏ సినిమా దించారో, ఏ ఐపీ అడ్రసు (నెట్ కనెక్షన్ నంబరు) నుంచి దించారో, ఏ తేదీన దించారో అన్నీ ఉంటాయి. నేర ముహూర్తం సెకన్లతో సహా రాసి ఉంటుంది. మన ఇళ్ళలో పెళ్ళి ముహూర్తాలకు కూడా అంత నిక్కచ్చి లేదు. దాంతోపాటు "ఇకమీదట ఈ పని చెయ్యను, చేస్తే ఇంత కడతాను" అని సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి. చివర్లో మొత్తం. ఒక సినిమాకు అది తరచూ వెయ్యి యూరోల చుట్టుపక్కలే తిరుగుతుంది. విద్యార్థి నెల బతుకుకు జర్మన్ సర్కారు కట్టిన లెక్క 992. ఇద్దరూ కూడబలుక్కున్నారని నేననను. లెక్కలు తెలిసినవాళ్ళకు ఒకే సంఖ్య తట్టడంలో వింతేముంది?

కుర్రాడు లబోదిబోమంటాడు. "చూడ్డానికి దించుకున్నా గానీ ఎవరికీ అమ్మలేదు కదా" అంటాడు. అక్కడే దొరికిపోతాడు. టోరెంట్‌లో ఫైలు ఒకచోటి నుంచి రాదు, ముక్కలు ముక్కలుగా పదిమంది దగ్గర్నుంచి వస్తుంది. మనకు అందిన ముక్కను మన కంప్యూటరు అప్పటికప్పుడే పక్కవాడికి అందిస్తుంది. గుళ్ళో పులిహోర పొట్లాలు వరసలో చేతులు మారినట్టు. ఆ వరసలో హక్కుదారుల మనిషి కూడా భక్తుడిలా కూర్చుని, ఎవరి చేయి ఎప్పుడు కదిలిందో రాసుకుంటూ ఉంటాడు. అందుకే బిల్లు దించుకున్నందుకు కాదు, పంచినందుకు. దించేవాడికి పంచుతున్నానన్న సంగతే తెలియదంటారా? దానగుణం అంటే అదే కదా.

ఇక ఈ ఉత్తరంలోని గొప్పతనం. ఐపీ అడ్రసుకు ముఖం లేదు. ఆ సమయంలో కీబోర్డు ముందు ఎవరు కూర్చున్నారో అది చెప్పదు. నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో మాత్రమే చెప్తుంది. మామూలు న్యాయశాస్త్రం ఇక్కడ ఆగిపోతుంది. మన ఉత్తరం ఆగదు. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే దొంగ వాడే అని మొదలుపెడుతుంది. కాదని చెప్పుకోవాల్సింది నువ్వే. చెప్పుకోవడానికి లాయరు కావాలి, లాయరుకు డబ్బు కావాలి. ఆ ఖర్చు, వాళ్ళడిగే మొత్తం పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలామందికి నేరం చేసినట్టే అనిపిస్తుంది. పశ్చాత్తాపం కలిగించడానికి ఇంతకంటే సులువైన మార్గం ఏ మతమూ కనిపెట్టలేదు. 2013లో జర్మన్ పార్లమెంటు ఈ ఉత్తరాల లాయరు ఫీజులకు పరిమితి పెట్టింది. నష్టపరిహారానికి పెట్టలేదు. సంతోషం.

మ్యూనిక్‌లో ఓ కుటుంబం కథ చెప్పాలి. పాప్ గాయని రిహానా ఆల్బం ఒకటి ఆ ఇంటి కనెక్షన్ నుంచి ఊరి మీదికి పోయింది. ఇంట్లో అమ్మ, నాన్న, ఎదిగిన పిల్లలు ముగ్గురు. అమ్మానాన్నలు "మేం చెయ్యలేదు" అన్నారు. పిల్లల్ని అడిగారు. ముగ్గురిలో ఒకరు ఒప్పుకున్నారు కూడా. అయితే ఎవరన్నది మేం చెప్పం అన్నారు ఆ తల్లిదండ్రులు. కుటుంబాన్ని కాపాడే హామీ జర్మన్ రాజ్యాంగంలోనే ఉందని వాళ్ళ ధీమా. కేసు పైకోర్టు దాకా పోయింది. 2017 మార్చిలో ఫెడరల్ సుప్రీంకోర్టు తేల్చేసింది. చేసిందెవరో మీకు తెలియకపోతే అది వేరే సంగతి, తెలిసి కూడా చెప్పకపోతే మీరే కట్టాలి. మొత్తం 3,500 యూరోలకు పైనే. 2019లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఇందులో తప్పేమీ లేదంది.

హత్య కేసులో కొడుకు మీద సాక్ష్యం చెప్పనంటే తల్లిని ఆ దేశంలో బలవంతపెట్టరు. ఆల్బం కేసులో చెప్పకపోతే బిల్లు కట్టిస్తారు. హత్య అంటే పోయేది ఒక ప్రాణం. పాట అంటే రాయల్టీ. దేని విలువ దానిది.

ఇంకో పెద్దమనిషి ఊళ్ళోనే లేడు. సెలవులకు వెళ్ళాడు, కంప్యూటరున్న గదికి తాళం వేసి మరీ వెళ్ళాడు. అతని వైఫై మీదుగా ఎవరో పాట పంచారు. 2010లో అదే ఫెడరల్ సుప్రీంకోర్టు అతను దొంగ కాదని ఒప్పుకుంది, నష్టపరిహారం అక్కర్లేదంది. కానీ రౌటరు కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేశాడు కాబట్టి, తనకు వచ్చిన నోటీసు ఖర్చు తనే భరించాలంది. అవును, నోటీసుకు కూడా బిల్లుంటుంది. మనల్ని తిట్టడానికి ఎవరో ఆటోలో వస్తే, ఆ ఆటో డబ్బులు మనమే ఇవ్వడం. అతిథి మర్యాద మనకే సొంతమనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

ఈ పట్టుదల ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. టేపు రికార్డరు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇంట్లో సొంతానికి పాట రికార్డు చేసుకోవడానికి కూడా హక్కుదారుల అనుమతి ఉండాలని 1955లోనే జర్మన్ కోర్టు చెప్పింది. చెప్పింది సరే, పట్టుకునేదెలా? సంగీతకారుల హక్కుల సంస్థ గేమా దగ్గర ఉపాయం ఉంది. టేపు రికార్డరు కొన్న ప్రతివాడూ దుకాణంలో గుర్తింపు కార్డు చూపించాలి, ఆ పేర్లు మాకు చేరాలి. ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టడానికన్నమాట. 1964లో కోర్టు కుదరదంది. ఇంటి నాలుగు గోడల మధ్యకు అలా చొరబడకూడదంది. సరే, మరుసటి ఏడు కొత్త చట్టం వచ్చి గొడవ తీర్చేసింది: సొంతానికి కాపీ చేసుకోవచ్చు, బదులుగా రికార్డరు ధరలోనే ముందుగా కాస్త రుసుము వసూలు చేస్తారు. ఇవాళ పెన్‌డ్రైవ్ కొన్నా, ఫోన్ కొన్నా, చివరికి ప్రింటరు కొన్నా అక్కడ ఆ రుసుము ఉంటుంది. నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో మనుషులు ఆలోచించి చేసిన పని ఇదొక్కటే. వ్యంగ్య వ్యాసానికి పనికిరాదు గనుక ముందుకు పోదాం.

ప్రింటరన్నాను కదా. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ఓ పరీక్ష పెట్టారు. టోరెంట్ గుంపుల్లో నిఘా పెట్టి నోటీసులిచ్చే వాళ్ళు ఏపాటి జాగ్రత్తగా చూస్తున్నారో కనుక్కుందామని, ఏ సినిమా దించని, దించే యోగ్యతే లేని కొన్ని యంత్రాల ఐపీ అడ్రసులను ఆ గుంపుల్లో ఇరికించారు. నోటీసులు వచ్చాయి. నెట్‌వర్కు ప్రింటర్లకు వచ్చాయి. మీరు మా ఆస్తిని అక్రమంగా పంచుతున్నారు, వెంటనే ఆపండి అని. పరిశోధకులు దీన్ని నిఘాలో లోపం అన్నారు. నాకైతే నిష్పక్షపాతం కనిపించింది. పేద, గొప్ప, మనిషి, యంత్రం తేడా లేకుండా అందరినీ ఒకే గాటన కట్టే న్యాయం ఇంకెక్కడుంది? పైగా ప్రింటరుకు కాపాడుకోవాల్సిన కన్నబిడ్డలు కూడా లేరు.

ఇక 2013 డిసెంబరులో జర్మనీలోనే ఇంకో ఘనకార్యం జరిగింది. పెద్దలకు మాత్రమే అనదగ్గ వీడియోలు ఓ సైట్లో నేరుగా చూశారని వేలమందికి ఉత్తరాలు పోయాయి. టోరెంట్ లేదు, పంచడం లేదు, చూశారంతే. అడిగింది 250 యూరోలు. ఉత్తరం ఇంటి అడ్రసుకు వస్తుంది, తీసేది ఎవరో తెలియదు. ఆ లెక్కన 250 అంటే దాదాపు ఉచితం. చిరునామాలు ఇప్పించిన కొలోన్ కోర్టు, అది టోరెంట్ వ్యవహారం కాదని తర్వాత గ్రహించి నాలిక్కరుచుకుంది. ఊరికే చూడటం ఉల్లంఘన కాదని 2014 జనవరిలో అక్కడి న్యాయశాఖ కూడా చెప్పింది. అప్పటికే కట్టేసినవాళ్ళ మర్యాద మాత్రం దక్కింది.

ఈ విషయంలో మనవాళ్ళు తక్కువ తినలేదు. 2016 ఆగస్టులో మన దేశంలో బ్లాక్ చేసిన సైటు తెరిస్తే ఓ సందేశం కనబడేది. చూసినా, దించినా మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా అని. దేశం సగం ఆ రాత్రి బ్రౌజర్ హిస్టరీ తుడుచుకుంది. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ ఊరుకున్నారా, చూడటం నేరం కాదు, హక్కుదారుకు నష్టం కలిగేలా పంచడం, ప్రదర్శించడం, అమ్మడం నేరం, సందేశం మార్చండి అన్నారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, థియేటర్లో రికార్డు చేసేవాడికి మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, మూడు లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో అయిదు శాతం దాకా జరిమానా పెట్టారు. అంటే హీరో పారితోషికం పెరిగిన కొద్దీ సెల్‌ఫోన్ దొంగ చెల్లించాల్సిందీ పెరుగుతుంది. పాన్ ఇండియా సినిమా జోలికి పోవడం కంటే కొత్త దర్శకుడి సినిమా కాపీ కొట్టడం క్షేమం. చిన్న సినిమాను ఎవరూ పట్టించుకోవడం లేదని ఇకమీదట ఎవరూ అనకూడదు.

అయినా మనకు లోటుగా ఉన్నది జైలు కాదు, జర్మన్ పద్ధతి ఉత్తరం. ఇల్లిల్లూ వెళ్ళే ఉత్తరం. మన నిర్మాతలు ఎందుకో ఆ దారి పట్టలేదు. బహుశా వైఫై పాస్‌వర్డు అపార్టుమెంటులో నాలుగు ఫ్లాట్లకు, వాచ్‌మన్‌కు, కింద ఇస్త్రీ బండి అబ్బాయికి తెలిసి ఉంటుందని భయం కావచ్చు. ఆ భయం అక్కర్లేదు. మ్యూనిక్ తల్లిదండ్రుల్లాంటి వాళ్ళు ఇక్కడ లేరు.

కూకట్‌పల్లిలో ఏ తండ్రికైనా ఆ ఉత్తరం ఇచ్చి చూడండి. కొడుకు పేరు రెండో వాక్యంలోనే చెప్పేస్తాడు. అడక్కుండానే ఎంసెట్ ర్యాంకు, బ్యాక్‌లాగ్‌ల సంఖ్య, రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ చూస్తాడో చెప్తాడు. "మీరైనా వాడికి నాలుగు చివాట్లు పెట్టండి సార్" అంటాడు. తల్లి లోపల్నుంచి "వాడు కాదు, మీ తమ్ముడి కొడుకు వచ్చినప్పుడు చేసుంటాడు" అంటుంది. ఏ1, ఏ2 ఇద్దరూ తయారు. లాయరు గారు మొత్తం చదువుతారు. తండ్రి కళ్ళజోడు సరిచేసుకుని, కాగితం తిరగేసి, మళ్ళీ బోర్లించి, "ఇవన్నీ సరే గానీ సార్, చివరి మాట ఎంత చెప్తారు?" అంటాడు.